ఏ దోమ, ఎక్కడి దోమ?

(ప్రపంచ దోమల దినం సందర్భంగా ఆగస్టు 20న హైదరాబాద్ చిక్కడపల్లిలో కీటక శాస్త్ర నిపుణుడు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తావా, మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించట్లేదు.

హాల్లో సగం మంది గ్రూప్స్‌కి చదివే పిల్లలే అనుకుంటా. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని కనిపెట్టిన డాక్టరు రొనాల్డ్ రాస్, సికింద్రాబాద్, 1897 ఆగస్టు 20, 1902లో నోబెల్ బహుమతి. ఈ ముక్కలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి, మళ్లీ నేను చెప్పి లాభం లేదు. బిట్ పేపర్లో రానిది చెప్తాను. రాస్ రెండేళ్లపాటు తప్పుడు దోమల్ని కోస్తూ కూర్చున్నాడు. నా ప్రసంగమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే ఈ ఊరు ఇవాళ్టికీ తప్పుడు దోమ మీదే కోపంగా ఉంది.

రాస్ 1895లో సికింద్రాబాద్‌కి వచ్చాడు. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఆయనకు గురువులాంటివాడు. బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని మాన్సన్ 1877లోనే చైనాలో చూపించాడు. మలేరియా కూడా అలాంటిదే అయి ఉంటుందని ఆయన ఊహ. ఊహ సగమే కరెక్టు. దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది, ఇదీ మాన్సన్ లెక్క. రాస్ అదీ చేసి చూశాడు. దోమలు చచ్చిపడిన నీళ్లు మనుషులతో తాగించాడు. ఇప్పుడైతే జైల్లో పెడతారు.

మధ్యలో కలరా డ్యూటీ అని బెంగళూరు పంపించారు. 1897లో తిరిగి వచ్చాక, వేసవి ఎండలో, పంకా కూడా ఆపేసి కూర్చునేవాడు. పంకా లాగితే కోసిపెట్టిన దోమ ఎగిరిపోతుంది మరి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, దానికి కన్ను పెట్టి చూసే అద్దాల్లో మిగిలిన ఒక్కటీ పగిలింది. ఇవన్నీ ఆయన రాసుకున్న మాటలే. దొరికిన దోమనల్లా మలేరియా రోగి మీద వాల్చి, రక్తం తాగించి, కోసి చూశాడు. బూడిద రంగు దోమలు, చారల దోమలు. ఏమీ కనపడలేదు. కనపడదు కూడా. ఆ జాతుల్లో మనిషి మలేరియా పెరగదు.

ఆగస్టు మధ్యలో పనివాళ్లు తెచ్చిన లార్వాల్లోంచి, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్లల్లోంచి, వేరే రకం దోమలు బయటికొచ్చాయి. రెక్కల మీద మచ్చలు ఉన్నాయి, వాలినప్పుడు తోక పైకెత్తి కూర్చుంటున్నాయి. హుసేన్ ఖాన్ అనే రోగి మీద వాటిని వాల్చారు. ఒక్కో దోమకి అతనికి ఒక్కో అణా ఇచ్చారు. నోబెల్ ఎవరికొచ్చిందని అడుగుతారు గానీ అణా ఎవరికొచ్చిందని ఏ పరీక్షలోనూ అడగరు. 20వ తేదీన వాటిలో ఒక దోమ పొట్ట గోడ మీద నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి దోమలో భాగం కాదు, దోమలో పెరుగుతున్నవి.

ఇక్కడ ఒక చిన్న సవరణ, పిల్లలు రాసుకోవచ్చు. దోమ కాటుతో మలేరియా వస్తుందని సికింద్రాబాద్‌లో రుజువు కాలేదు. పరాన్నజీవి దోమలో పెరుగుతుందనేది మాత్రమే ఇక్కడ తేలింది. అది లాలాజల గ్రంథికి చేరి కాటుతో దిగుతుందని రాస్ 1898లో కలకత్తాలో, పిట్టల మలేరియా మీద చూపించాడు. మనుషుల విషయంలో తేల్చింది ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం. రాస్‌కీ గ్రాసీకీ జీవితాంతం పడలేదు, ఆ గొడవ ఇంకో రోజు చెప్పుకుందాం.

సరే, మన ఊరికి వద్దాం. మూడు సీసాలు తెచ్చాను, మూతలు గట్టిగా బిగించాను, భయపడకండి. ఒక్కొక్కటే చేతులు మారుస్తూ చూడండి. సెల్‌ఫోన్ టార్చ్ పక్కనుంచి వెయ్యండి.

మొదటిది చాదర్‌ఘాట్ దగ్గర నాలా నీళ్లు. వాసన వస్తే నన్ను తిట్టుకోకండి. లార్వాలు గుంపుగా, తలకిందులుగా, ఏటవాలుగా వేలాడుతున్నాయి చూడండి. తోక చివర పొడుగాటి గొట్టం ఉంది, దాంతో పైనుంచి గాలి పీలుస్తాయి. ఇది క్యూలెక్స్. రెండోది కట్టుబడి సాగుతున్న ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ నీళ్లు. ఇందులో లార్వాలు వేలాడవు, నీటి మీద చిన్న పుల్లముక్కల్లా అడ్డంగా పడుకుంటాయి. అది అనాఫిలిస్, మలేరియా దోమ. మూడోది ఇంట్లో నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ములోంచి తీశాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూశారా? ఇదే నీరు గ్లాసులో పోసిస్తే తాగేస్తారు. గొట్టం పొట్టిగా ఉంటుంది, మెలికలు తిరుగుతూ కదులుతుంది. టార్చ్ వెయ్యగానే కిందికి పారిపోతుంది. ఇది ఏడిస్, డెంగీ దోమ. చికున్‌గున్యా కూడా దీని చలవే.

ఇప్పుడు చెప్పండి, మీ కాలనీలో దోమలని ఫిర్యాదు చేసేది ఏ దోమ మీద? రాత్రి చెవి దగ్గర జుయ్యిమనేదాని మీద. మూసీ, నాలాలు, గుర్రపుడెక్క కప్పేసిన చెరువులు, వీటి మీద. అది మొదటి సీసా. ఆ దోమ డెంగీ తీసుకురాదు. బోదకాలు తెస్తుంది, నిద్ర పాడు చేస్తుంది. దాన్ని ఊరికే వదిలెయ్యమని నేను చెప్పట్లేదు. బోదకాలు తెలంగాణ జిల్లాల్లో ఎంతమంది కాళ్లను పాడు చేసిందో చూసినవాణ్ణి. ఆ పురుగు పిల్లలు రాత్రి పూట మాత్రమే రక్తంలోకి వస్తాయి. అందుకే సర్వే వాళ్లు రాత్రి పది దాటాక తలుపు కొట్టి వేలు గుచ్చి రక్తం తీసేవాళ్లు. తిట్లు తినని రాత్రి ఉండేది కాదు. ఆ జబ్బుకి పంచే డీఈసీ బిళ్ల వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఆ మందును బయటికి తెచ్చింది. మర్నాటి సంవత్సరమే ఆయన పోయారు. బిళ్ల చేతికిస్తే జేబులో వేసుకుంటారని, ఆశా కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగించాల్సి వస్తుంది ఇప్పటికీ.

రెండో సీసా గురించి ఎక్కువ చెప్పను. పట్నం మలేరియా దోమ అనాఫిలిస్ స్టెఫెన్సై. బావులు, మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, సెల్లార్ గుంతలు దానికి ఇళ్లు. హైదరాబాద్‌లో మలేరియా బాగా తగ్గింది, సంతోషం. కానీ మన దక్షిణాసియా దోమ 2012లో ఆఫ్రికాలో జిబూతీలో కనిపించింది, తర్వాత ఇథియోపియాకి పాకింది. అక్కడి మలేరియా అంతకుముందు ఎక్కువగా పల్లె జబ్బు. ఇది పట్నాల్లో బతకడం నేర్చిన దోమ. అక్కడివాళ్లు ఇప్పుడు మన పాత పుస్తకాలు తిరగేస్తున్నారు.

ఇక అసలు కథ మూడో సీసాది.

ఏడిస్ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము గోడకి అంటించి పెడుతుంది. నల్లగా, ఆవగింజలో పదో వంతు కూడా ఉండవు. డ్రమ్ము ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు పోసి మట్టం అక్కడికి చేరితే పొదుగుతాయి. అందుకే నీళ్లు ఒంపేస్తే సరిపోదు, పీచు పెట్టి గోడ గట్టిగా రుద్దాలి. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్తే చాలు, మిగతాది మర్చిపోయినా పర్లేదు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వానాకాలపు వేడిలో వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని పాటించమనడం వెనక లెక్క అదే. వారానికోసారి దాని చక్రం తెగ్గొట్టాలి.

ఇది పగలు కుడుతుంది, ఎక్కువగా పొద్దున, సాయంత్రం చీకటి పడేముందు. చప్పుడు చెయ్యదు. మడమల దగ్గర, టేబుల్ కింద కుడుతుంది. ఒక్కరి దగ్గరే కడుపు నింపుకోదు, ఒకరి దగ్గర కాస్త, ఇంకొకరి దగ్గర కాస్త. అందుకే ఒక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడకెక్కుతారు. ఎక్కువ దూరం ఎగరలేదు, నూరు, రెండు వందల మీటర్లు. అంటే మీకు డెంగీ ఇచ్చిన దోమ మూసీ నుంచి రాలేదండీ. మీ ఇంట్లోదో, పక్కింటిదో, మీ ఆఫీసుదో.

ఇంట్లోకి ఎలా వచ్చింది? నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినప్పుడు గంటో, గంటన్నరో. కాబట్టి డ్రమ్ము, సంపు, బిందెలు, బకెట్లు అన్నీ నింపుకోవాలి. నింపుకోకపోతే ఇల్లు గడవదు. బస్తీలో ఆడవాళ్లకి డ్రమ్ము ఖాళీ చేసి ఎండబెట్టమని చెప్పడానికి నాకు నోరు రాదు. రేపు నీళ్లు వస్తాయో రావో ఆవిడకి తెలియదు. డెంగీని ఆరోగ్యశాఖ జబ్బు అంటాం గానీ, నన్నడిగితే అది సగం నీళ్ల సరఫరా జబ్బు. కొళాయిలో రోజంతా నీళ్లుంటే డ్రమ్ము ఎవరు కొంటారు? అది జరిగే లోపల డ్రమ్ముకి గట్టి మూత వేసుకోవాలి, మూత లేకపోతే పాత చీర ముక్క కట్టి తాడుతో బిగించాలి. చీర దిగి నీళ్లను తాకకూడదు, అంతే.

అట్లాగని ఇది బస్తీల జబ్బని గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు హాయిగా కూర్చోవద్దు. లిఫ్ట్ గుంతలో వాన నీళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, మనీ ప్లాంట్ సీసా, బాల్కనీ కుండీల కింద ప్లేట్లు, జూన్ నుంచి మూల పడేసిన కూలర్. ఇంకోటి మన ఊరికే ప్రత్యేకం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు తాళం వేసిన ఫ్లాట్లు. ఫ్లష్ ట్యాంకులో, కమోడ్‌లో నీళ్లు అలాగే ఉంటాయి, కదిపేవాళ్లు ఉండరు. ఊరెళ్లేముందు కమోడ్ మూసి, దాని మీద ప్లాస్టిక్ కవర్ టేపుతో అంటించి వెళ్లండి.

మరి పొగబండి సంగతేంటని అడుగుతారు. ఫాగింగ్. పొగ తగిలి, ఆ సమయంలో గాల్లో ఎగురుతున్న పెద్ద దోమ చస్తుంది. గుడ్డు చావదు, లార్వా చావదు. ఏడిస్ ఆ టైములో మంచం కింద, కర్టెన్ వెనక, గోడకి తగిలించిన ప్యాంటు మడతల్లో ఉంటుంది. పైగా బండి రాగానే మనం ఏం చేస్తాం? తలుపులు, కిటికీలు వేసేస్తాం. వీధిలో పొగ, ఇంట్లో దోమ. డెంగీ కేసు వచ్చిన ఇంటి లోపల, చుట్టుపక్కల ఇళ్ల లోపల మందు కొట్టడానికి అర్థం ఉంది. వీధంతా తిప్పడానికి ఉన్న ప్రయోజనం ఏమిటంటే, కార్పొరేటర్‌కి ఫోన్లు ఆగిపోతాయి. పొగ కంటికి కనపడుతుంది. ఒక మనిషి పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి డ్రమ్ముల్లోకి టార్చ్ వేసి చూసింది ఎవరికీ కనపడదు.

ఆ మనిషి చేసేదే అసలు పరిశోధన. చేతిలో టార్చ్, ఒక గరిటె, తెల్ల ట్రే. వంద ఇళ్లు చూస్తే ఎన్ని ఇళ్లలో లార్వా దొరికింది, ఎన్ని పాత్రల్లో దొరికింది, ఈ రెండు అంకెలు రాసుకుంటాడు. వంద ఇళ్లకి లార్వా ఉన్న పాత్రలు ఎన్ని అనేదాన్ని బ్రెటో సూచిక అంటారు. జ్వరాలు మొదలయ్యే ముందే ఆ అంకె పెరగడం మొదలవుతుంది. కానీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు, అసోసియేషన్ సెక్రటరీ పర్మిషన్ లేదంటాడు. కాబట్టి సర్వేలో బస్తీలే ఎక్కువ పడతాయి, పెద్ద ఇళ్ల అంకె ఎవరి దగ్గరా సరిగ్గా ఉండదు. ఆ కాగితాలు చూసి డెంగీ బస్తీల్లోనే ఉందని తేల్చేస్తాం.

రోగుల లెక్క కూడా ఇంతే చిక్కు. ప్రైవేటు క్లినిక్‌లో కార్డు టెస్టు చేసి పాజిటివ్ అంటారు. ప్రభుత్వ లెక్కలోకి ఎక్కాలంటే ల్యాబ్‌లో చేసే ఎలీసా అనే రక్తపరీక్షలో తేలాలి. అందుకే మీ వీధిలో పదిమంది పడకేసినా పేపర్లో ఒకటో రెండో కేసులు కనపడతాయి. ఇది అబద్ధం చెప్పడం కాదు, రెండు కొలతలు వేరు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి, మన పెద్దవాళ్ల కోరంటి దవాఖానాకి, జ్వరాల సీజన్‌లో ఒకసారి వెళ్లి ఓపీ లైన్ చూసి రండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. ఆస్పత్రికి రానివాళ్లని లెక్కపెట్టడానికి కొత్త దారులు వెతకాలి. 2020లో కోవిడ్ అప్పుడు మన ఊళ్లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల వాళ్లు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి, అందులో వైరస్ జాడను బట్టి నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటి అధికారిక కేసులకి అది ఎన్నో రెట్లు. ముక్కులో పుల్ల పెట్టించుకోనివాళ్లు కూడా మురుగులో లెక్కకొచ్చారు. అలాంటి బుర్ర డెంగీ మీద కూడా పెట్టాలని నా కోరిక.

డాక్టర్లు ఎవరైనా ఉంటే నన్ను సరిదిద్దండి, కానీ ఒక మాట చెప్పాలి. వానాకాలంలో ఈ ఊళ్లో పలకరింపు మారిపోతుంది. బాగున్నారా అని అడగరు, ప్లేట్‌లెట్లు ఎంత అని అడుగుతారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్, దాతల కోసం వాట్సాప్‌లో పరుగులు. రక్తస్రావం లేకపోతే పదివేల లోపు పడేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదని జాతీయ మార్గదర్శకాలే చెప్తున్నాయి. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్ అంకె కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది ఎప్పుడు జరుగుతుందో తెలుసా? జ్వరం తగ్గినప్పుడు. నాలుగో రోజో, ఐదో రోజో ఒళ్లు చల్లబడగానే హమ్మయ్య అనుకుంటాం. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి పరుగెత్తాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. బొప్పాయి ఆకు రసం తాగినా తాగకపోయినా ఓఆర్‌ఎస్ మాత్రం తాగండి.

టీకా గురించి చీటీ వచ్చింది. వ్యాక్సిన్ల రాజధానిలో ఉండి డెంగీకి టీకా లేదా అని. న్యాయమైన ప్రశ్నే. శాంతా బయోటెక్నిక్స్ కంపెనీ వాళ్లు 1997లో హెపటైటిస్ బి టీకా చేశారు, రోటా వైరస్‌కి, టైఫాయిడ్‌కి, కోవిడ్‌కి ఇక్కడి జీనోమ్ వ్యాలీ నుంచే వచ్చాయి. డెంగీ దగ్గర చిక్కేమిటంటే వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే దానికి రక్షణ ఉంటుంది, కానీ రెండోసారి వేరే రకం సోకితే పాత యాంటీబాడీలే కొత్త వైరస్‌ని కణాల్లోకి చేర్చి జబ్బు ముదిరేలా చెయ్యొచ్చు. టీకా కూడా సరిగ్గా కుదరకపోతే ఆ మొదటిసారి జబ్బులా పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లో డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకా విషయంలో అదే బయటపడింది. అంతకుముందు డెంగీ రాని పిల్లలకి ఆ టీకా వేస్తే, తర్వాత జబ్బు తీవ్రంగా వచ్చే ప్రమాదం పెరిగిందని 2017లో తేలింది. ఆ దెబ్బకి అక్కడ మిగతా టీకాల మీద కూడా జనానికి నమ్మకం పోయింది. మన దేశంలో తయారైన ఒక టీకా మీద 2024 ఆగస్టులో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, మూడో దశ ప్రయోగం మొదలుపెట్టింది, పదివేల మంది పైచిలుకు వలంటీర్లతో. జపాన్ కంపెనీ టకెడా వాళ్ల డెంగీ టీకాను ఇక్కడి బయొలాజికల్ ఇ కంపెనీ తయారుచేసేలా అదే ఏడాది ఒప్పందం కుదిరింది. తొందరపడకుండా ఏళ్ల తరబడి చూడటమే ఇందులో తెలివి.

ఆ వెనకాల చెయ్యెత్తిన బాబు అడుగు. గట్టిగా, మైకు లేదు.

(ప్రశ్న: సార్, దోమలతోనే దోమల్ని ఆపుతారని చదివాను, అది మన దగ్గర ఎందుకు చెయ్యరు?)

మంచి ప్రశ్న. ఒల్బాకియా అనే బ్యాక్టీరియా గురించి నువ్వు చెప్పేది. పండ్ల ఈగల్లాంటి చాలా పురుగుల్లో సహజంగా ఉంటుంది, ఏడిస్‌లో ఉండదు. దాన్ని ఎక్కిస్తే దోమలో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు, పైగా తల్లి నుంచి పిల్లలకి వస్తుంది. ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో అలాంటి దోమల్ని వదిలితే, వదలని ప్రాంతాలతో పోలిస్తే డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. మన దగ్గర పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం ఆ దోమల్ని తయారుచేసి పెట్టుకుంది. బయట వదలడానికి అనుమతులు కావాలి.

కానీ అనుమతి ఒక్కటే కాదు అడ్డు. 1970ల మొదట్లో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐసీఎంఆర్ కలిసి దోమల జన్యు నియంత్రణ మీద పెద్ద ప్రయోగం పెట్టాయి. సోనీపత్‌లో ఏడిస్ దోమల్ని వదలాలని అంతా సిద్ధం చేశారు. ఈలోపు ఇది అమెరికా వాళ్ల జీవాయుధ పరిశోధన అని పత్రికల్లో వచ్చింది, పార్లమెంటులో గొడవైంది, 1975లో మొత్తం మూతపడింది. ఆ దోమలు బయటికి రానేలేదు. శాస్త్రం తప్పై ఆగలేదు, వీధిలో ఉన్న మనిషికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్ల ఆగింది, అనేది నా అభిప్రాయం. యోగ్యకర్తాలో ముందు ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. చివరికి దోమగుడ్ల బకెట్లు ఇళ్ల దగ్గర పెట్టడానికి అక్కడి జనమే ఒప్పుకున్నారు. మన దగ్గర డ్రమ్ములోకి టార్చ్ వేసి చూస్తానన్న మనిషినే ఇంకా గేటు దాటనివ్వట్లేదు బాబూ, ముందు ఆ గేటు సంగతి చూడాలి.